పూజగదిలో బెల్లం డబ్బా: ఒక షుగర్ కేసు

వైద్యులుగా మా దగ్గరికి ఈ కేసు తెచ్చింది ఆవిడ కొడుకూ కోడలూ. ఫిర్యాదు ఒక్కటే, "అమ్మ చాటుగా తీపి తింటోంది" అని. పూజగది అలమారలో కుంకుమ భరిణె వెనక స్టీలు డబ్బా దొరికింది. అందులో బెల్లం ముక్కలు, రెండు పల్లీపట్టీలు ఉన్నాయి. అదే వారం చేయించిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 8.6. ఇంకేముంది, కారణం దొరికినట్టేనని వాళ్ళ నమ్మకం. నాలుగు మాటలు గట్టిగా చెప్పి, మాత్ర డోసు పెంచి పంపమన్నారు.

ఆ రోజు డోసు పెంచి ఉంటే ఆవిడ ఏదో ఒక పొద్దున వంటింట్లోనే పడిపోయేవారు. ఎందుకో తెలియాలంటే ఆవిడ ఏం తింటున్నారన్నది కాదు, ఎప్పుడు తింటున్నారన్నది చూడాలి. (గుర్తుపట్టే వివరాలు మార్చాం. ఒకే తరహా కేసులు కొన్ని కలిపి ఒక్కటిగా రాశాం.)

మనిషి, మందులు

వయసు 66. యూసుఫ్‌గూడలో కొడుకు కుటుంబంతో ఉంటారు. కూతురు అమెరికాలో. శాకాహారి. షుగర్ బయటపడి 12 ఏళ్ళు, బీపీ 7 ఏళ్ళుగా ఉంది. ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగం) 58. మూత్రంలో అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి 48 (30 లోపు ఉండాలి). బీ12 విటమిన్ 168, అంటే తక్కువ. అరికాళ్ళలో రాత్రిపూట మంటలు. కంటిపాప పెద్దది చేసి చూసే రెటీనా పరీక్ష ఈ 12 ఏళ్ళలో ఒక్కసారీ జరగలేదు. అద్దాల కొట్లో నంబరు చూపించుకోవడాన్నే కంటి పరీక్ష అనుకున్నారు.

మందులు: పేరు చివర ఎం2 అని ఉండే కాంబినేషన్ మాత్ర, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. అంటే గ్లిమెపిరైడ్ 2 మిల్లీగ్రాములు, మెట్‌ఫార్మిన్ 500 కలిపినది. బీపీకి టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కలిసిన మాత్ర. కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ 10.

ఏడాది కిందటి దాకా రోజూ పొద్దున్నే కృష్ణకాంత్ పార్కుకు నడకకు వెళ్ళేవారు. మానేశారు. ఎందుకని ఇంట్లో అడిగితే "మోకాళ్ళు" అన్నారట. మోకాళ్ళు చూస్తే పెద్ద తేడా ఏమీ లేదు. కొడుకు బయటికెళ్ళి, గదిలో కోడలు మాత్రమే ఉన్నప్పుడు ఆవిడ నోట అసలు మాట వచ్చింది: "పార్కుల రెండు రౌండ్లు కొడ్తనో లేదో, పానం ఒక్కతీర్గ అయితది. చెమటలు పడ్తయి, చేతులు వణుకుతయి. బెంచీ మీద కూసుంటే లేవబుద్ధి కాదు. ఓసారి ఆటోల ఇంటికొచ్చిన. అప్పటిసంది పోతలేను."

ఇది తీపి మీద ఆశ కాదు, షుగర్ పడిపోవడం. ఆ బెల్లం డబ్బా ఆవిడ తనకు తానే కనిపెట్టుకున్న మందు. నేరంలా దాచారంటే, ఇంట్లో వాళ్ళు దాన్ని నేరంగా చూశారు కాబట్టి.

పొద్దుటి మూడు గంటలు

పెద్దవాళ్ళ షుగర్ కేసుల్లో, ముఖ్యంగా ఇల్లు నడిపే తల్లుల విషయంలో, ఆహారం లెక్క రాయించే ముందు టైమ్‌టేబుల్ రాయించాలి. ఆవిడది ఇలా ఉంది. అయిదున్నరకు లేస్తారు. ఏడింటికి మాత్ర. ఎవరో "టిఫిన్‌కు అరగంట ముందు" అని చెప్పారు, ఆవిడ తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. తర్వాత మనవళ్ళ టిఫిన్ బాక్సులు, స్కూలు బస్సు, కొడుకు బాక్సు, కోడలు బాక్సు, స్నానం, మడిగా పూజ. దీపం పెట్టనిదే మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టరు. ఆవిడ టిఫిన్‌కు కూర్చునేసరికి పదిన్నర. అరగంట అన్నది మూడున్నర గంటలైంది.

గ్లిమెపిరైడ్ పాంక్రియాస్‌ను పిండి ఇన్సులిన్ బయటికి పంపించే మందు. పొట్టలో తిండి ఉందా లేదా అన్నది దానికి పట్టదు. మింగిన రెండు మూడు గంటలకు రక్తంలో దాని మోతాదు అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది, ప్రభావం రోజంతా సాగుతుంది. ఏడింటికి వేసుకున్న మాత్ర సరిగ్గా తొమ్మిదిన్నర, పది మధ్య జోరు మీద ఉంటుంది. ఆవిడ అప్పుడు ఖాళీ కడుపుతో పువ్వులు కోస్తూ ఉంటారు. పార్కు రోజుల్లో దీనికి నడక కూడా తోడైంది.

మందు ఏదీ మార్చకుండా మూడు రోజులు గ్లూకోమీటర్‌తో చూశాం. పడిపోతున్నట్టు అనిపిస్తే ఆగకుండా గ్లూకోజ్ తీసుకోవాలన్న షరతు మీద. రెండో రోజు లెక్క ఇది:

6:40, పరగడుపున – 134
9:50, వణుకు మొదలైనప్పుడు – 61
10:05 – బెల్లం ముక్క, సగం పల్లీపట్టీ, పది నిమిషాలకు మిగతా సగం
10:30 – నాలుగు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ
12:30 – 271
2:20, భోజనానికి ముందు – 188
తెల్లవారుజాము 3:00 – 66

హెచ్‌బీఏ1సీ 8.6 అంటే మూడు నెలల సగటు సుమారు 200. సగటు కదా, 61నీ 271నీ ఒకే గాటన కట్టేస్తుంది. పై అంకె చూసి మందు పెంచితే కింది అంకె ఇంకా కిందికి పోతుంది. దాన్ని పూడ్చడానికి మనిషి ఇంకా తింటారు, పై అంకె ఇంకా పైకి పోతుంది. ఈ సుడిలో చిక్కిన వాళ్ళను "కంట్రోల్ లేదు" అని తిట్టడం మన ఇళ్ళలో మామూలే.

రాత్రి మూడింటి 66 ఇంకో కథ చెప్పింది. దిండు గలీబు తడిసి ఉండటం, పొద్దున తలనొప్పి, పీడకలలు, వీటన్నిటినీ ఆవిడ "వయసు" అనుకున్నారు. రాత్రి భోజనం పావు తక్కువ పదికి, అందరూ తిన్నాక, మిగిలినంత. కూర అయిపోతే పెరుగన్నం, అన్నం అయిపోతే ఒక అరటిపండు. మాత్ర మాత్రం తొమ్మిదింటికే, నిండు డోసు.

బెల్లం పనిచేసింది, పల్లీపట్టీ చేయలేదు

షుగర్ 70 కంటే తగ్గితే కావలసింది 15 గ్రాముల గ్లూకోజ్, నీళ్ళలో కలిపి. మూడు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి సరిపోతుంది. అది లేకపోతే మూడు నాలుగు టీస్పూన్ల పంచదార. పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడాలి. 70 దాటకపోతే ఇంకో 15 గ్రాములు. దాటితే, తర్వాతి భోజనం దూరంగా ఉంటే, రెండు బిస్కెట్లో సగం చపాతీయో.

పల్లీపట్టీ, చాక్లెట్, లడ్డు ఇక్కడ పనికిరావు. వాటిలోని నూనె, నెయ్యి పొట్టను నెమ్మదిగా ఖాళీ చేయిస్తాయి, చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. అయిదు నిమిషాలకు వణుకు తగ్గకపోయేసరికి మనిషి ఇంకోటి తింటారు, ఆపై ఇంకోటి. 271కి నాలుగు ఇడ్లీలతో పాటు ఆ పట్టీ కూడా కారణం. ఓగ్లిబోస్ కలిసిన మాత్రలు వేసుకునేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఆ మందు పంచదారను, బెల్లాన్ని పేగులో విరగనీయదు, కాబట్టి వాళ్ళకు గ్లూకోజ్ పొడే కావాలి.

డబ్బా తీసేయలేదు. పూజగదిలోంచి వంటింటి గట్టు మీదికి, అందరికీ కనపడేలా వచ్చింది. బెల్లం, పట్టీలు పోయి గ్లూకోజ్ పొడి, మూడు టీస్పూన్ల గీత పెట్టిన చిన్న గ్లాసు చేరాయి. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏదీ పోయకూడదని, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలని కోడలికీ పెద్ద మనవడికీ విడిగా చెప్పాం.

మాత్ర విడదీయడం

ఇక్కడ కాంబినేషన్ మాత్ర అడ్డొచ్చింది. గ్లిమెపిరైడ్ తగ్గించాలి, మెట్‌ఫార్మిన్ ఉంచాలి. రెండూ ఒకే మాత్రలో ఉంటే ఒకటి తగ్గించే దారి లేదు. విరిచి సగం వేసుకుందామంటే అది ఎస్ఆర్ రకం, విరిస్తే నెమ్మదిగా విడుదలయ్యే గుణం పోతుంది. అందుకని విడివిడిగా రాశాం. మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ ఉదయం టిఫిన్‌తో 500, రాత్రి భోజనంతో 1000. గ్లిమెపిరైడ్ ఉదయం ఒక్కసారి, 1 మిల్లీగ్రాము, మొదటి ముద్దతో పాటు. రాత్రిది పూర్తిగా ఆపేశాం.

పూజ టైము మార్చమనలేదు. మాత్రనే పూజ దాటించాం. మాత్రల పెట్టె పడకగదిలోంచి డైనింగ్ టేబుల్ మీద ఇడ్లీ పళ్ళెం పక్కకు వచ్చింది. పళ్ళెం ముందు లేకపోతే మాత్ర లేదు. ఇంత చిన్న మార్పుతో పొద్దుట షుగర్ పడిపోవడం మొదటి వారంలోనే ఆగింది. పాత ఎం2 స్ట్రిప్పులు మిగిలినవి కోడలి చేత తిరిగి తెప్పించాం. చాలామంది కొత్త మందుతో పాటు పాతదీ వేసుకుంటారు. పేరు వేరు కాబట్టి మందు వేరనుకుంటారు.

గ్లిమెపిరైడ్ తగ్గిస్తే పరగడుపు షుగర్ కొన్నాళ్ళు పెరుగుతుందని ముందే చెప్పడం తప్పనిసరి. 134 ఉన్నది 158కి వెళ్ళింది. ముందు చెప్పకపోతే కొడుకు ఆ రాత్రే పాత మాత్ర వేయించేవాడు. 70 ఏళ్ళకు దగ్గరపడిన, షుగర్ పడిపోయే అలవాటున్న మనిషికి పరగడుపున 158 కొన్ని వారాలు ఉంటే కొంప మునగదు. తెల్లవారుజామున 50 వస్తే మునగొచ్చు. ఆవిడకు పెట్టుకున్న గురి హెచ్‌బీఏ1సీ 7 నుంచి 7.5. పాతికేళ్ళ కుర్రాడి గురి ఆవిడకు పెట్టకూడదు.

నాలుగో వారంలో డాపాగ్లిఫ్లోజిన్ 10 మిల్లీగ్రాములు చేర్చాం. మూత్రంలో అల్బుమిన్ పోతోంది కాబట్టి కిడ్నీకి మేలు, ఒంటరిగా షుగర్‌ను పడగొట్టే స్వభావమూ తక్కువ. పన్నెండో వారంలో గ్లిమెపిరైడ్ పూర్తిగా తీసేసి, షుగర్‌ను అంతగా పడగొట్టని సిటాగ్లిప్టిన్ 100 పెట్టాం. ఈ మందుల పేటెంట్లు 2020లో ఒకటి, 2022లో ఒకటి ముగిశాక జనరిక్‌లు వచ్చి ధరలు దిగాయి. పింఛను ఇళ్ళలో ఇది చిన్న సంగతి కాదు. రెండు మార్పులు ఒకే వారంలో చేయలేదు. చేస్తే మంచికైనా చెడుకైనా ఏది కారణమో తేలదు.

పళ్ళెంలో ఏం మారింది

మానేయాల్సిన వాటి జాబితా ఇవ్వలేదు. అలాంటిది అప్పటికే ఫ్రిజ్ మీద అంటించి ఉంది, పదహారు వస్తువులతో. చింపేయమన్నాం.

జొన్నలు, రాగులు తింటే షుగర్ రాదన్న నమ్మకం ఈ ఇంట్లోనూ గట్టిగా ఉంది. సాయంత్రం అయిదింటికి రెండు గ్లాసుల రాగిజావ, "షుగర్‌కు మంచిది" అని. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములైతే, రాగి పిండిలోనూ జొన్న పిండిలోనూ 70కి అటూ ఇటూ. పెద్ద తేడా లేదు. పీచు ఎక్కువన్నది నిజమే, కానీ మెత్తగా విసిరి, పలచగా కాచి, గటగటా తాగితే ఆ మేలు చాలావరకు పోతుంది. ఆవిడ చేతే చూపించాం. జావ తాగిన రోజు, తాగక ముందుకూ రెండు గంటల తర్వాతకూ 92 పాయింట్లు పెరిగింది. అదే 40 గ్రాముల రాగి పిండి, ఉల్లిపాయ, మునగాకు వేసి రొట్టె కాల్చి, పప్పుతో తిన్న రోజు 47. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపించాక ఇంక ఉపన్యాసం అవసరం పడలేదు.

ఇలా ముందూ తర్వాతా జంటగా చూసే పద్ధతికి నాలుగు జాగ్రత్తలు కావాలి. రెండు గంటలు లెక్కపెట్టాల్సింది తినడం అయిపోయాక కాదు, మొదటి ముద్ద నుంచి. చేతులు సబ్బుతో కడిగి బాగా తుడుచుకోవాలి. మామిడిపండు కోసిన వేలితో గుచ్చితే 300 కూడా చూపిస్తుంది. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచకూడదు. గుచ్చేది వేలి కొన మధ్యలో కాదు, పక్కన. మధ్యలో గుచ్చితే నొప్పెక్కువ, మర్నాడు పూలు గుచ్చేటప్పుడు సూది ముట్టుకోలేరు.

టిఫిన్: నాలుగు ఇడ్లీలు రెండయ్యాయి, పక్కన కందిపప్పు, సొరకాయ, ములక్కాడ వేసిన చిక్కటి సాంబారు గిన్నెడు. వారంలో మూడు రోజులు పొట్టు పెసలతో పెసరట్టు, ఉప్మా పెట్టకుండా. భోజనంలో వరుస మారింది. ముందు కూర, ఆకుకూర పప్పు సగం తినేసి, ఆ తర్వాత అన్నం కలుపుకోవడం. కూర, పప్పు ముందు వెళితే అన్నం తాలూకు షుగర్ నిదానంగా ఎక్కుతుంది. అన్నం గరిటెలతో కాకుండా ఒక చిన్న గిన్నెతో కొలుస్తారు. నిండుగా వంద గ్రాములు పట్టేది, అంటే 28 గ్రాముల పిండిపదార్థం. మధ్యాహ్నం గిన్నెన్నర, రాత్రి ఒకటి. చివర పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టుండదని ఆవిడ తేల్చి చెప్పారు. సరే, ఆ గిన్నెలోంచే మూడు చెంచాల అన్నం పెరుగుకు మిగుల్చుకోవాలి. పెరుగు ఎంతైనా పోసుకోవచ్చు.

శాకాహారులైన పెద్దవాళ్ళలో మాంసకృత్తులు తరచుగా తక్కువే. ఆవిడకు రోజుకు అరవై అయిదు గ్రాములైనా కావాలి, తింటున్నది అందులో సగం కూడా లేదు. ఉదయం ఉడికించిన శనగలు గుప్పెడు, మధ్యాహ్నం చిక్కటి పప్పు, సాయంత్రం జావ బదులు మజ్జిగ, వేయించిన పల్లీలు పిడికెడు, రాత్రి కూరలో సోయా గింజలో పనీరో. ఎర్రగడ్డ రైతుబజార్‌కు వారానికి రెండుసార్లు ఆవిడే వెళ్ళడం మొదలుపెట్టారు. కూరలు ఎక్కువ తినాలంటే కూరలు ఇంట్లో ఉండాలి కదా.

బంగినపల్లి సంగతి. పండు మానలేదు. వంద గ్రాముల ముక్కలో దాదాపు 15 గ్రాముల పిండిపదార్థం. సాయంత్రం పలహారం స్థానంలో ఆ ముక్క, అంతే. భోజనం మీద తింటే భోజనం లెక్కకు అదీ కలుస్తుంది. రసం తీస్తే రెండు పళ్ళు ఒక గ్లాసులోకి పోతాయి, అది మాత్రం వద్దు.

ఇవన్నీ ఒక ఎత్తు, రాత్రి భోజనం వేళ ఒక ఎత్తు. పావు తక్కువ పదిని ఎనిమిదిన్నరకు తేవడానికి రెండు నెలలు పట్టింది. "అందరికీ వడ్డించాక తింటా" అన్న మాట దగ్గర ఏ డైట్ చార్టూ పనిచేయదు. పరిష్కారం కోడలి దగ్గర నుంచి వచ్చింది. "అత్తమ్మా, మీరూ పిల్లలూ ముందు కూర్చోండి, మీరు పక్కనుంటేనే చిన్నోడు తింటాడు" అన్నారు. మనవడికి తోడంటే ఆవిడ కాదనలేదు.

శనివారం ఒక్కపొద్దు

శనివారాలు ఒక్కపొద్దు. పగలు ఒక్కసారి భోజనం, రాత్రి ఏమీ లేదు. మానమనడం మా పని కాదు. కానీ ఇన్నాళ్ళూ ఉపవాసం రోజు కూడా రెండు పూటలా మాత్రలు పడ్డాయి. శుక్రవారం రాత్రి ప్రశాంతంగా పడుకునే మనిషి శనివారం రాత్రి చెమటలతో లేవడానికి కారణం ఇదే.

ఇప్పుడు శనివారం లెక్క వేరు. భోజనం మధ్యాహ్నం పన్నెండింటికి, దానితో మెట్‌ఫార్మిన్ 500. రాత్రి పలహారం కింద ఒక పెసరట్టో, గోధుమరవ్వ ఉప్మాయో. పలహారం వ్రతానికి అడ్డు కాదని ఆవిడే ఒప్పుకున్నారు. దానితో మిగతా మెట్‌ఫార్మిన్. గ్లిమెపిరైడ్ ఉన్న మూడు నెలలూ శనివారం వేయలేదు. డాపాగ్లిఫ్లోజిన్ కూడా ఆ రోజు ఉండదు. ఉపవాసంలో, వాంతులు విరేచనాలున్నప్పుడు ఆ మందు నడిస్తే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగే ప్రమాదం ఉంది. షుగర్ 180, 200 మాత్రమే చూపిస్తూ మనిషి ఆయాసంతో ఆసుపత్రి పాలవుతారు, అంకె చూసి ఎవరూ అనుమానించరు. నీళ్ళు తాగని నిర్జల ఏకాదశి మాత్రం వద్దనే చెప్పాం. 70 కిందికి వస్తే పానకం తాగాలని ఆవిడే నియమం పెట్టుకున్నారు. పానకం ప్రసాదమట, ఉపవాసానికి భంగం లేదట. గ్లూకోజ్ కలిపినా పానకమే అన్నాం, నవ్వి ఊరుకున్నారు.

తప్పినవి

మూడు చోట్ల దెబ్బతిన్నాం.

డాపాగ్లిఫ్లోజిన్ మొదలుపెట్టిన రెండో వారం నుంచి మూత్రం దగ్గర దురద. ఆవిడ పది రోజులు ఎవరికీ చెప్పలేదు. ఈ మందు చక్కెరను మూత్రంలోకి పంపిస్తుంది, అక్కడ ఫంగస్ పట్టడం తెలిసిన ఇబ్బందే. క్లోట్రిమజోల్ క్రీముతో వారంలో తగ్గింది. రాసిచ్చిన రోజే, ఆడ నర్సు చేత, విడిగా చెప్పించి ఉంటే పది రోజుల బాధ ఉండేది కాదు. ప్రతిసారీ నీళ్ళతో కడుక్కుని పొడిగా తుడుచుకోవడం అన్న ఒక్క ముక్క సరిపోయేది.

మే మొదటి వారం, ఎండ 41 డిగ్రీలు. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయన్నారు. అందరూ షుగర్ అనుకున్నారు, చూస్తే 126. నిలబెట్టి చూసిన బీపీ 104/64. డాపాగ్లిఫ్లోజిన్ నీరు లాగుతోంది, బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ కూడా అదే పని చేస్తోంది, పైన వేసవి. కొత్త మందు చేర్చేటప్పుడే ఆ రెండో భాగం తీసేయాల్సింది. తీసేసి ఒక్క టెల్మిసార్టాన్ ఉంచాం. వారానికి బీపీ 126/74.

మూడోది కాలు. ఏప్రిల్‌లో మిద్దె మీద వడియాలు పెట్టారు, మధ్యాహ్నం ఒంటిగంటకు, చెప్పుల్లేకుండా. "వడియాల కాడికి చెప్పులేసుకుని పోతరా?" కుడి బొటనవేలు మొదట్లో రూపాయి బిళ్ళంత పొక్కు. కాలింది ఆవిడకు తెలియలేదు. రాత్రి కోడలు చూశారు. మొదటి రోజే 10 గ్రాముల మోనోఫిలమెంటుతో (స్పర్శ చూసే సన్నని నైలాన్ పోగు) తాకి చూసినప్పుడు సరిగ్గా ఆ చోటు స్పర్శ లేదు. ఆ సంగతి కాగితం మీద రాశాం గానీ, మిద్దె గురించి అడగాలని తట్టలేదు. పొక్కు చిదపలేదు, సెలైన్‌తో కడిగి గాజుగుడ్డతో కట్టు. పక్కింటావిడ కాఫీపొడి అద్దమన్నారట, అదృష్టం, కోడలు అద్దలేదు. పన్నెండు రోజులకు మానింది. ఇప్పుడు మిద్దె తలుపు పక్కనే ఒక జత ఎంసీఆర్ (మెత్తని రబ్బరు అడుగున్న) చెప్పులు, వెనక పట్టీ ఉన్నవి, కడిగి "మడి చెప్పులు" అని పేరు పెట్టి ఉంచారు. గుళ్ళో ప్రదక్షిణకు నూలు మేజోళ్ళు, అదీ ఎండెక్కక ముందే.

మంటలకు మిథైల్‌కోబాలమిన్ 1500 మైక్రోగ్రాములు రోజూ. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్, పైన శాకాహారం, కాబట్టి బీ12 తగ్గడంలో వింత లేదు. అయిదు నెలలకు మంటలు సగం తగ్గాయి, పూర్తిగా పోలేదు.

నడక, కుర్చీ, కోలాటం

నడక ఖాళీ కడుపు మీంచి తిన్న తర్వాతకు మారింది. మూడు పూటలా తిన్న పావుగంటకు పది పదిహేను నిమిషాలు, అపార్ట్‌మెంట్ కారిడార్‌లోనే. తిన్నాక పెరిగే షుగర్ మీద ఈ పది నిమిషాల పని, పొద్దున్నే నలభై నిమిషాలు ఒక్కసారే నడవడం కంటే బాగా కనిపించింది.

30 సెకన్లలో చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో చూసే పరీక్షలో మొదట 8 వచ్చింది. 65–69 ఏళ్ళ స్త్రీలలో 11 కంటే తక్కువైతే తూలి కింద పడే భయం ఎక్కువ. దాన్నే వ్యాయామంగా ఇచ్చాం. సీరియల్ ప్రకటనల్లో పదేసి సార్లు, వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తడం పదిహేను, లీటరు నీళ్ళ సీసాలు రెండు చేతులా పైకి. ఆరు నెలలకు 12.

వణుకు ఆగిన రెండో నెలలో ఆవిడంతట ఆవిడే పార్కుకు వెళ్ళారు. మేం చెప్పలేదు. అక్కడ సాయంత్రాలు కోలాటం నేర్చుకునే ఆడవాళ్ళ గుంపు ఉంది, అందులో చేరారు, వారానికి రెండు రోజులు ముప్పావుగంట. సరదా మనిషి అని మాకు అప్పటిదాకా తెలియదు. ఎప్పుడు కళ్ళు తిరిగి పడతానో అన్న భయంతో ఉన్న మనిషి కోలాటం కర్రలు పట్టుకోరు. ఇంట్లో వాళ్ళు "అమ్మ డల్ అయిపోయింది" అన్నదంతా ఈ భయమే.

ఫ్యామిలీ గ్రూపు

కొడుకు రోజూ ఉదయం రీడింగు ఫొటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. అమెరికా నుంచి కూతురు, కరీంనగర్ నుంచి ఆడపడుచు, అందరూ తలా ఒక సలహా. 180 వచ్చిన రోజు "నిన్న ఏం తిన్నవమ్మా?" అని ఫోన్. ఫలితం, ఆవిడ రాత్రి తిండి తగ్గించుకుని మర్నాడు పరీక్షకు కూర్చునేవారు, లేదా స్ట్రిప్పులు అయిపోయాయనేవారు. మొదటిది రాత్రి షుగర్ పడగొట్టింది, రెండోది మాకు లెక్క లేకుండా చేసింది.

అంకెలు గ్రూపులోంచి తీసేయించాం. ఒక చిన్న నోటుబుక్కు, ఆవిడ చేతిరాత, నెలకోసారి మాత్రమే మా దగ్గర తెరుస్తారు. కూతురు ఫోన్‌లో షుగర్ ఎంత అని అడగదు, కోలాటంలో కొత్త పాట ఏం నేర్చుకున్నావని అడుగుతుంది. మందు మార్చినంత పని ఇది చేసిందని మా అంచనా.

ఆరు నెలలకు

హెచ్‌బీఏ1సీ 7.3. చివరి పన్నెండు వారాల్లో 70 కంటే తక్కువ రీడింగు ఒక్కటీ లేదు. బరువు 65 కిలోలు. అల్బుమిన్ నిష్పత్తి 26. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, ముందు రోజు ఎక్కువ శ్రమ పడినా ఇది పెరుగుతుంది కాబట్టి ఒక్క ఫలితం నమ్మకుండా మళ్ళీ చేయించాం, రెండోసారి 29. రెటీనాలో తొలి దశ మార్పులు కనపడ్డాయి, ప్రస్తుతానికి చికిత్స అక్కర్లేదు, ఏటా చూడాలి. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు చూపు మసక, వెంట మనిషి ఉండాలి.

సద్దుల బతుకమ్మ రోజు సాయంత్రం ఆడబోయే ముందు 148. గంటన్నర ఆడారు, చెప్పులతోనే, ఎంసీఆర్‌వి. అయ్యాక 112. మలీద ముద్ద ఒకటి తిన్నారు. నోటుబుక్కులో ఆ రోజు పక్కన ఒక మాట కూడా రాశారు: "రెండు తిందామనుకున్న. ఒకటే మిగిలింది."

మర్నాడు పరగడుపున 131. రాత్రి భోజనం మాత్రం ఆ రోజు మళ్ళీ పదింటికే.